నల్ల చిమ్మట పిల్లలు

1847 మే 30, ఆదివారం

బర్చ్ చెట్ల తోపు అంచున కంచె గుంజ మీద ఒక చిమ్మట. నల్లది.

దూరం నుంచి మిరియాల చిమ్మట అనుకున్నాను. అదైతే మా ఊళ్ళో పాలు మరవని పిల్లకి కూడా తెలుసు. తెల్లటి రెక్కల మీద ఎవరో మిరియాల పొడి చల్లినట్టు ఉంటుంది. ఇదీ అదే కొలత, రెక్కలు చెక్కకి ఆనించి పరుచుకుని కూర్చోవడమూ అదే తీరు. కానీ తెలుపన్నది మచ్చుకైనా లేదు. మిల్లు పొగగొట్టం మసి పట్టిందేమోనని ఊదాను. ఈకతో తుడిచాను. రాలేదు. ఆ నలుపు పైన పడింది కాదు, లోపలి నుంచి వచ్చింది.

తొమ్మిదేళ్ళుగా నల్లరంగు తొట్టి పక్కన నిలబడి బతుకుతున్నవాణ్ణి. నలుపులో ఎన్ని మోసాలున్నాయో నాకు తెలుసు. ఎండకి ఎర్రబారేది ఒకటి, రెండు ఉతుకులకి నీలంగా తిరిగేది ఒకటి. ఇలాంటి నలుపు మా యజమాని ఏడు జన్మలెత్తినా వెయ్యలేడు.

మాత్రల డబ్బాలో పెట్టి తెచ్చాను. దారంతా డబ్బాని చెవి దగ్గర పెట్టుకునే నడిచాను. లోపల గీరుతోంది.

జూన్ 1

డబ్బా అంచు పొడుగునా గుడ్లు! ఆవగింజలో నాలుగో వంతు ఉంటాయేమో, లేత ఆకుపచ్చవి. లెక్కపెడుతూ మూడు వందల దగ్గర తప్పిపోయాను. అది ఆడది. చిమ్మట అయిపోవచ్చింది, రేపటికి ఉండదు.

చెల్లెలు హెప్జీ వంగి చూసి, “ఇవి కూడా నల్లగా పుడతాయా?” అంది.

“మరి? మేకకి గొర్రె పుడుతుందా?” అన్నాను.

జూన్ 6, ఆదివారం

తల వేడి దిగలేదు, అయినా రాస్తాను.

తెల్ల పొట్టేలు అనే పబ్బులో మా పురుగుల సంఘం కూడింది. మా పద్ధతి నాకెప్పుడూ గర్వమే. బిషప్పుల సభలో కూడా ఇంత న్యాయం లేదు. నెలరోజుల్లో దొరికిన పురుగులన్నీ బల్ల మీద కుప్పగా పోస్తాం. మా అధ్యక్షుడు జాబెజ్ హోయిల్ పెద్దయ్య ఒక్కొక్కటే తీసి, దాని లాటిన్ పేరు గట్టిగా చెప్పి, సీసపు చెంబుతో బల్ల మీద మూడుసార్లు తడతాడు. కాదనేవాడు మూడో దెబ్బ పడేలోపు కాదనాలి. పడ్డాక అది సంఘం పుస్తకంలోకి ఎక్కుతుంది, ఇక దేవుడు దిగొచ్చినా మార్చేది లేదు. తెచ్చినవాడు మాత్రం తను తెచ్చినదానికి పేరు చెప్పకూడదు. పేరాశ కళ్ళు కప్పుతుందని.

మగ్గం మీద వంగి వంగి పెద్దయ్య చూపు మందగించింది. నా చిమ్మటని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“ఆకారం మిరియాలదే. రంగు కాదు.”

“వేరే జాతి పెద్దయ్యా! ఇంతవరకూ ఎవరూ చూడనిది!” అని అరిచాను.

చెక్కబూట్లు చేసే ఎలీ టాంగ్ లేచాడు. “తెచ్చినవాడు నోరు మూసుకోవాలి కదా. వీడి మూతి కుట్టడానికి కాస్త దారం వడికి పెట్టు పెద్దయ్యా.” అందరూ నవ్వారు. “అయినా ఒరే సేత్, తొట్టి అడుగున మిగిలిన రంగులో ముంచి తెచ్చావా? మా ఆవిడ దగ్గరో తెల్లకోడి ఉంది, దానికీ ఓ పూత వేద్దువు గాని.”

నా వేళ్ళు చూపించి మరీ నవ్వాడు. మోచేతుల దాకా నల్లగానే ఉంటాయి నా చేతులు, ఏం చెయ్యను?

“మా నలుపు మీద పులుపు పడితే ఎర్రబడుతుంది. అద్దకంవాడిననేగా నీ మాట, అద్దకం పరీక్షే పెడతాను! వెనిగర్ తెండి!”

తెచ్చారు. రెక్క మీద పోశాను. చుక్క వెయ్యాల్సింది, కోపంలో ఒలికింది. ఎర్రబడలేదు. ఎవరూ నవ్వలేదు. గెలిచాను.

కానీ రెక్క తడిసిన గుడ్డపేలికలా చుట్టుకుపోయి బల్లకి అతుక్కుంది.

పెద్దయ్య అటే చూస్తూ, “గెలిచావురా అబ్బాయ్. మరి ఫెన్విక్ దొరకి ఏం చూపిస్తావు? వెనిగరా?” అన్నాడు.

నగరంలోని పెద్దమనుషుల సంఘం తరపున ఫెన్విక్ దొర ఈ జిల్లాలో ఉన్న జంతువులన్నిటి జాబితా అచ్చు వేయిస్తున్నాడు. మా పుస్తకం మొత్తం, నలభై ఏళ్ళ నేతగాళ్ళ చూపు, అందులో కలుపుతానని మాటిచ్చాడు. పెద్దయ్య ఇంకా చావకుండా ఉన్నది దానికోసమే అంటుంది వాళ్ళావిడ.

జూన్ 20

దొరకి మూడు పేజీలు రాశాను. రెండున్నర పేజీలు చిమ్మట గురించే. మిగతా సగం పేజీ నేతగాళ్ళకి ఓటు ఎందుకుండాలో. అది రాయొద్దని పెద్దయ్య అన్నాడు. నిజం ముక్కలుగా ఉండదు అన్నాను.

జవాబొచ్చింది. నాలుగు వాక్యాలు. మూడోది: “అద్దకపు కొట్టంలో పనిచేసే యువకుడికి నల్ల చిమ్మట దొరకడంలో వింత ఏమీ లేదు.” నాలుగోది అంతకన్నా ఘోరం. ఇలాంటివి ఒప్పుకునే సంఘం పుస్తకాన్ని జాబితాలో కలపాలా వద్దా అని మళ్ళీ ఆలోచిస్తాడట.

నన్ను తిడితే పడతాను. పెద్దయ్య పుస్తకాన్నా!

నగరానికి నడిచి వెళ్ళి అతని గుమ్మంలో నిలదీస్తానని బయల్దేరాను. పెద్దయ్య మగ్గం ఆపకుండానే అన్నాడు: “కూర్చో. ఆ దొరకి జవాబు కాగితం మీద రాయకు. ఆకుల మీద రాయి. గుడ్లున్నాయిగా? పిల్లల్ని పెంచి చూపించు.”

జూన్ 23

గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. వెంట్రుక ముక్కల్లా ఉన్నాయి. ఊపిరి వదిలితే ఎగిరిపోతున్నాయి, ఒక్కొక్కటి సొంత దారం మీద వేలాడుతూ. హెప్జీ ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని ఆకులు పెడుతోంది.

జూలై 11

ఇది రాయకుండా పడుకోలేను.

డబ్బాలో కొమ్మ మార్చబోయి హెప్జీ చిన్న పుల్ల విరిచింది. పుల్ల ముడుచుకుంది! అది పురుగు. కొమ్మకి వారగా, కర్రలా బిగుసుకుని నిలబడింది. మొగ్గ ఉండాల్సిన చోట మొగ్గలాంటి బుడిపె. బెరడు మీది మరక లాంటి మరక. వేలంత దూరంలో కళ్ళు పెట్టి చూస్తున్నా ఏది కొమ్మో ఏది ప్రాణమో తెలియడం లేదు. పక్క కొమ్మ మీద ఆకుపచ్చవి, ఈ కొమ్మ మీద గోధుమరంగువి. ఒకే తల్లి గుడ్లు.

ఎవరు నేర్పారు వీటికి? ఏ బళ్ళో? పుల్లగా ఉండడం ఇంత బాగా ఏ పుల్లకీ తెలియదు.

దేవుడు లేడంటూ నేను చదివిన కరపత్రాలన్నీ ఇవ్వాళ నాకు పలచగా అనిపించాయి. వాటికి జవాబు చెప్పిన పాదిరీల కరపత్రాలు ఇంకా పలచగా.

ఆగస్టు 15

నా తప్పే. కొండ మీద ఓటు హక్కుల సభకి పోతూ డబ్బాని కిటికీలో వదిలేశాను. ఎండ తిరిగింది. నూట ఇరవై చచ్చాయి. లోకాన్ని బాగుచేసే ఉపన్యాసాలు విని ఇంటికొచ్చాను.

హెప్జీ మాట్లాడటం లేదు.

సెప్టెంబరు 26

ఇరవై మూడు మిగిలాయి. మట్టి పెట్టెలోకి దిగి, చర్మం విడిచి, ఖర్జూరపు గింజల్లా గట్టిబడ్డాయి. నేలగదిలో పెట్టాను. ఇక మే దాకా ఏమీ చెయ్యడానికి లేదు. ఏమీ చెయ్యకుండా ఉండడం నాకు చేతకాదు.

డిసెంబరు 25

పెట్టెలో ఎలుక పడింది. పదకొండు మిగిలాయి.

1848 ఫిబ్రవరి 3

పెద్దయ్యకి దగ్గు. పుస్తకం పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాడు. “నీ గింజలు బాగున్నాయా?” అని తప్ప ఇంకేమీ అడగలేదు.

ఏప్రిల్ 15

ఓటు కోసం పెట్టుకున్న మన అర్జీని చూసి లండనులో నవ్వారట. లక్షలమంది సంతకాలు. నేను పెట్టాను, హెప్జీ పెట్టింది, పబ్బులో అందరూ పెట్టారు. అందులో ఎవరో తుంటరులు రాణీగారి పేరూ, బూతులూ, లేనివాళ్ళ పేర్లూ గీకారట. ఆ కాసిని దొంగ పేర్లు చూపించి లక్షల నిజమైన పేర్లని చెత్తబుట్టలో వేశారు.

ఆ దొంగ సంతకాలు పెట్టినవాడు దొరికితే వాడి చేతులు మా తొట్టిలో ఉడకబెడతాను.

మే 17

ఏమీ రాలేదు.

మే 19

ఏమీ రాలేదు.

మే 21, ఆదివారం

వచ్చాయి. బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి. రాశాను కదా ఏమీ రాలేదని. ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు, అయినా అబద్ధం రాశాను.

రెండూ తెల్లవి. మామూలు మిరియాల చిమ్మటలు.

బయటి ఆకుతో వేరే పురుగు వచ్చి ఉంటుంది. అంతే. తప్పకుండా అంతే. హెప్జీని అడిగితే, “ప్రతి ఆకూ రెండు వైపులా తుడిచి పెట్టానన్నయ్యా” అంది. “నీ మొహం తుడిచావు” అన్నాను. ఏడ్చింది.

రెండింటినీ చంపి సూదులకి గుచ్చి పొగాకు డబ్బాలో పెట్టాను. అటక మీద ఉంది.

మే 22

నల్లది!!

పని నుంచి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. హెప్జీ పెట్టె ముందు మోకాళ్ళ మీద ఉంది, వేలు పెదాల మీద పెట్టుకుని. మట్టి కదిలింది. గింజ మెడ దగ్గర పగిలింది. తడి తడిగా, ముడతలు పడ్డ ముసలి పురుగొకటి పాక్కుంటూ వచ్చి పుల్ల ఎక్కింది. రెక్కలు లేవు, వేలిగోరంత బుడిపెలు రెండు. ఇది కుంటిదనుకున్నాను. అప్పుడు మొదలైంది. ఆ బుడిపెల్లోకి లోపలి నుంచి ఏదో పారుతోంది. మడత విప్పుతున్నట్టు, తానులోంచి గుడ్డ జారుతున్నట్టు, ఒక్కో ముడతా సర్దుకుంటూ రెక్క కిందికి దిగుతోంది. అరగంట పట్టింది. చివరికి నల్లటి మఖమల్ లాంటి నాలుగు రెక్కలు వేలాడుతూ ఆరుతున్నాయి.

ఇంత పెద్దది ఆ గింజలో ఎలా పట్టింది? ఆ రంగుని మట్టిలో, చలికాలమంతా, చీకట్లో ఎవరు కాచారు?

అమ్మ తినడానికి పిలిచింది. వినపడనట్టు కూర్చున్నాం.

మే 27

ఇంకో రెండు నల్లవి. దొరకి రాశాను, ఈసారి సగం పేజీ. జూన్ 4న సంఘానికి వస్తానని జవాబు. పెద్దయ్య లేచి కూర్చుని గడ్డం గీసుకున్నాడట.

ఇంకో రెండు తెల్లవి కూడా. పొగాకు డబ్బాలో నాలుగు అయ్యాయి. పెట్టెలో రెండు గింజలు ఎండిపోయాయి, రెండు బతికున్నాయి.

జూన్ 3

హెప్జీ అడిగేసింది. “అటక మీద డబ్బా ఎందుకన్నయ్యా?”

“అవి మనవి కావు. పొరపాటున వచ్చాయి.”

“ఏడుస్తూ అయినా సరే, మళ్ళీ చెప్తాను. ఒక్క పరాయి పురుగు కూడా దూరలేదు. అవి దాని పిల్లలే.”

“ఒకే తల్లికి అలా పుట్టవు!”

“పుట్టాయిగా. వంద పుస్తకాలు చదివినవాడివి, నువ్వే చెప్పు ఎందుకు పుట్టాయో.”

తలుపు దబాలున వేసి పోయాను. గొప్ప పని చేశాను.

రేపు మూడు నల్లవే తీసుకెళ్తాను. అబద్ధం చెప్పను. అడగనిది చెప్పను, అంతే. రెండూ ఒకటి కాదు. పెద్దయ్య పుస్తకం నిలబడాలి.

జూన్ 4, ఆదివారం

ఫెన్విక్ దొర పొడుగ్గా, సన్నగా, జలుబుతో ఉన్నాడు. నేననుకున్న రాక్షసుడు కాదు. మూడు నల్లవాటినీ భూతద్దం కింద చాలాసేపు చూశాడు. ఖాళీ గింజ తొక్కల్ని కూడా చూశాడు. తర్వాత లేచి నిలబడి నాకు చెయ్యి చాపాడు.

“మిస్టర్ క్లెగ్, మిమ్మల్ని అనుమానించాను. క్షమించండి.”

నన్ను మిస్టర్ అన్న మొదటి మనిషి. అందరి ముందూ. నా నల్లటి చెయ్యి పట్టుకుని.

“ఇది కొత్త జాతే అయితే మీ పేరు మీదే ఉంటుంది. అధ్యక్షులవారూ, మీ పుస్తకం నాతో తీసుకెళ్ళడం నాకు గౌరవం.”

“గౌరవమట, విన్నావా పెద్దయ్యా?” అని ఎలీ గొణిగాడు. “ఇక మేం నీ ముందు టోపీలు తీయాలేమో. నాకు బట్టతల, చలేస్తుంది.”

పెద్దయ్య నవ్వలేదు. ఒకదాన్ని పైకెత్తాడు. “మిరియాలది కాదు. దాని పక్కన నిలబడే వేరే జాతి,” అన్నాడు. నన్ను ఏమీ అడగలేదు. నావైపు చూడనైనా చూడలేదు. అడిగితే బాగుండేది. అడిగితే అబద్ధమాడి ఉండేవాణ్ణేమో, వాదించి ఉండేవాణ్ణేమో. అంత నమ్మకానికి ఎలా ఎదురు చెప్పాలో నాకెవరూ నేర్పలేదు.

చెంబు ఒకసారి తట్టాడు.

పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. నలభై ఏళ్ళ పేర్లు. సగం మంది చచ్చిపోయిన నేతగాళ్ళు. వాళ్ళలో ఒక్కడు కూడా దొంగపేరు రాయలేదు.

రెండోసారి.

“కాదు,” అన్నాను.

“తెచ్చినవాడు నోరు…” అని మొదలెట్టిన ఎలీ నా మొహం చూసి ఆగిపోయాడు.

కోటు లోపలి నుంచి పొగాకు డబ్బా తీశాను. మూడు నల్లవే తీసుకెళ్తానని నిన్న రాశాను. మరి ఉదయం అటక ఎక్కి దీన్ని జేబులో ఎందుకు పెట్టుకున్నానో నాకు తెలియదు. నాలుగు తెల్లవాటినీ మూడు నల్లవాటి పక్కన గుచ్చాను.

“ఇవి కూడా ఆ పెట్టెలోవే. ఒకే తల్లి పిల్లలు. దాచిపెట్టాను.”

దొర తెల్లవాటి మీద భూతద్దం పట్టాడు. “రెండు సంతానాలు కలిసిపోయి ఉంటాయి.”

పబ్బులోకి ఆడపిల్లలు రారు. హెప్జీ గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో. “కలవలేదండీ దొరగారూ. ఆకులు పెట్టింది నేను. ఆకాకూ తుడిచాను.”

“నువ్వు నిజమే చెప్తున్నావేమో అమ్మాయీ,” అన్నాడు అతను. గొంతు మెత్తగానే ఉంది. “కానీ వీటిని రెండు వారాలు దాచినవాడు మీ అన్నయ్య. ఈ పుస్తకంలో ఇంకే పేజీ వెనక ఏ డబ్బా ఉందో నాకెలా తెలుస్తుంది? దీన్ని అచ్చు వెయ్యలేను. మన్నించండి.”

టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, నిలబడే ఏడింటినీ మళ్ళీ ఒకసారి చూశాడు. వెళ్ళిపోయాడు.

నేను నేలలోకి కుంగిపోతే బాగుండనుకున్నాను. ఎవడైనా నాలుగు తగిలిస్తే బాగుండనుకున్నాను. “పెద్దయ్యా, నా వల్ల…”

“ఉండరా,” అన్నాడు. “ఎలీ, బల్ల కిటికీ కిందికి జరుపు. వెలుతురు పోతోంది.”

బల్ల జరిపారు. పెద్దయ్య భూతద్దం కంటికి ఆనించి నల్లదాని మీద వంగాడు, తర్వాత తెల్లదాని మీద, మళ్ళీ నల్లదాని మీద. రెక్కల అంచు వంపు, మీసాల దువ్వెన పళ్ళు, కాళ్ళ మీది నూగు. ఒకటే. అన్నీ ఒకటే. పద్నాలుగు మందిమి తలలు ఆనించుకుని ఆ ఏడు పురుగుల చుట్టూ ఉన్నాం. ఎవరి బీరూ ఎవరూ ముట్టుకోలేదు.

“మా అమ్మమ్మ అనేది,” అన్నాడు పెద్దయ్య, “దేవుడు ప్రతిదానికీ ఒక్కసారే రంగు వేసి బ్రష్షు కడిగేశాడని. అరవై తొమ్మిదేళ్ళు నేనూ అదే నమ్మాను. కడగలేదురా. ఇంకా వేస్తూనే ఉన్నాడు. మన ఊళ్ళో. మన కళ్ళ ముందు.”

“అచ్చు కాకుండా పోయింది పెద్దయ్యా, నలభై ఏళ్ళది…”

“అచ్చు కాకపోతే అవి ఎగరడం మానేస్తాయా?” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చూపు మందగించినవాళ్ళకి నీళ్ళు కారతాయి, దానివల్ల అయి ఉండొచ్చు. కాదు. ఏడ్చాడు. ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మూడో దెబ్బ వెయ్యలేదు. అధ్యక్షుడికి ఆ అధికారం ఉందా అని ఎవరూ అడగలేదు.

జూన్ 8

నిన్న నల్ల ఆడది వచ్చింది. ఇవ్వాళ తెల్ల మగది. పెట్టెలో చివరి రెండూ. చంపలేదు. రెండింటినీ ఒక పల్చటి గుడ్డసంచిలో వదిలాను, బర్చ్ కొమ్మకి కట్టి.

పెద్దయ్య దగ్గు ఎక్కువైంది. విషయం చెప్పగానే, “గుడ్లు పెడితే లెక్క రాయి. నల్లవెన్ని, తెల్లవెన్ని. ఒక్కటి కూడా వదలకుండా,” అన్నాడు. అది చూసేదాకా తాను ఉండడని ఇద్దరికీ తెలుసు.

జూన్ 12

సంచి అతుకు పొడుగునా లేత ఆకుపచ్చటి గుడ్లు. మూడు వందల పన్నెండు. హెప్జీ కూడా లెక్కపెట్టింది, అంతే వచ్చింది.

“ఇవి ఏ రంగులో వస్తాయి?” అంది.

“ఏమో,” అన్నాను.

నావైపు వింతగా చూసింది. ఇద్దరం ఆకుల కోసం బయల్దేరాం.